తాళం వేసిన గదిలో గొంతు

టేకులపల్లిలో ఉన్న రోజుల్లో, కొన్ని నెలల పాటు, ప్రతి ఆదివారం పొద్దున నేను ఒక నాటకం ఆడాను. సంచి భుజాన వేసుకుని, గది ముందు తలుపుకు తాళం వేసి, ఎదురింటి అవ్వకు కనబడేలా బస్సు రోడ్డు వైపు నడిచేవాడిని. హోటల్లో ఇడ్లీ తిని, టీ తాగి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడిని. తర్వాత పత్తి చేల గట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చి, దొడ్డి తలుపు తెరుచుకుని నా గదిలోకే దూరేవాడిని. అప్పటికి ఇంటివాళ్ళు చర్చికి వెళ్ళిపోయి ఉండేవారు. ముందు తాళం మాత్రం వేలాడుతూనే ఉండేది.

నేను అక్కడి జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడిని. మాది ఎర్రుపాలెం వైపు. సెలవు రోజుల్లో మూఢనమ్మకాల మీద ప్రచారం చేసే ఒక చిన్న బృందంలో తిరిగేవాడిని. అరచేతిలో కర్పూరం వెలిగించడం, నిమ్మకాయ కోసి నెత్తురు తెప్పించడం, నాలుకకు శూలం గుచ్చుకున్నట్టు చూపించడం, ఆ తర్వాత అందులో ఉన్న కిటుకు చెప్పి జనాన్ని నవ్వించడం మా పని. మొదట్లో ఏడుగురం. ఒకాయన ప్లాట్ల వ్యాపారంలోకి పోయాడు. ఇద్దరు హైదరాబాద్ వెళ్ళారు. ఒకాయన పెళ్ళయ్యాక పూజగది కట్టించుకున్నాడు. ఇంకొకాయన, మాలో అందరికన్నా గట్టిగా వాదించేవాడు, మాల వేసుకున్నాడు. ఒక్కొక్కరితో నేను తగువు పడ్డాను, ఎనిమిది పేజీల ఉత్తరాలు రాశాను. చివరికి మిగిలిన ఒకాయనకు కూడా నా ఉత్తరాలే విసుగు పుట్టించాయి. సంఘం మూతపడిందని చెప్పాలన్నా ఒక సమావేశం పెట్టాలి. దానికి మనుషులు లేరు. అందుకని ఎవరికీ చెప్పలేదు. "సార్ ఊర్లు తిరగవొయ్యిండు" అని వీధిలో అనుకుంటుంటే, అనుకోనిచ్చాను.

లోపలికి వచ్చి నేను చేసే పని ఇంకా దాచుకోవలసింది.

అంతకు ముందు ఏడాది నా పక్క మంచంలో ఉండి వెళ్ళిన కంప్యూటర్ లెక్చరర్ తన పాత కంప్యూటర్ నాకు అమ్మి, సీడీల సంచి ఒకటి ఊరికే వదిలేశాడు. అందులో పేరు రాయని సీడీ ఒకటి పెడితే, డ్రైవు పాడైందనుకున్నాను. రంపపు మిల్లులో దుంగ ఇరుక్కున్నట్టు చప్పుడు. దాని అడుగున పంది గురక లాంటిదేదో. సీడీ తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టాను. అదే చప్పుడు. కానీ రెండోసారి ఒకటి గమనించాను. ఆ చప్పుడు ఒక చోట ఆగి, మళ్ళీ సరిగ్గా అక్కడి నుంచే మొదలయ్యింది. చెడిపోయిన యంత్రం లెక్క ప్రకారం చెడిపోదు. ఎవరో కావాలని, ఎంతో సాధన చేసి, దీన్ని ఇలా చేశారు. ఆ గురక మనిషి గొంతు. దీన్ని బ్రూటల్ డెత్ మెటల్ అంటారని, రాక్ సంగీతంలో ఇదొక రకమని తర్వాత నెట్ సెంటర్‌లో వెతికితే తెలిసింది.

పాట అంటే నాకు గట్టి అభిప్రాయాలుండేవి. పాట జనానికి అర్థం కావాలి, అర్థమైన పాట పనికి రావాలి, పనికిరాని పాట మత్తు అని వేదికల మీద వాదించినవాణ్ణి నేను. భక్తి పాటలతో పాటు సినిమా పాటలనూ ఆ లెక్కలోనే తీసేశాను. ఇప్పుడు ఒక్క మాటా అర్థం కాని ఈ రొదను వరుసగా మూడు ఆదివారాలు విన్నాను. నాలుగో ఆదివారానికి దానికోసం ఎదురు చూశాను.

అందులో ఏం రాశారో తెలుసుకోవాలని కొత్తగూడెం వెళ్ళి నెట్ సెంటర్‌లో కూర్చుని చదివాను. శవాలు, కోతలు, పేగులు. చాలా చోట్ల ఆ శవం ఆడమనిషిది. డబ్బు కట్టిన గంటలో ఇంకా సగం మిగిలి ఉండగానే లేచి వచ్చేశాను. సిగ్గుపడ్డాను. తర్వాతి ఆదివారం మళ్ళీ పెట్టుకున్నాను. ఈ రెండో వాక్యం చివర "ఎందుకంటే" అని రాసి, దాని తర్వాత ఏదైనా నిజం రాయాలని ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను.

నాకు తెలిసినంత వరకు ఇంతే. అంతకు మూడేళ్ళ ముందు, అడవి వైపు ఒక ఊరిలో, చేతబడి చేస్తుందని ఒక ముసలామెను ఆమె వాడకట్టువాళ్ళే కొట్టి పళ్ళు రాలగొట్టారు. ఆమె బతకలేదు. వారం తర్వాత మేం అక్కడ కార్యక్రమం పెట్టాం. నేను అరచేతిలో కర్పూరం వెలిగించాను. జనం చప్పట్లు కొట్టారు, వాళ్ళలో ఆమెను కొట్టినవాళ్ళూ ఉన్నారు. తిరిగి వస్తుంటే జీపులో మావాళ్ళు రేపటి గురించి ఒక పాట అందుకున్నారు. బాగా పాడారు. ఆమెకు రేపు లేదు కదా అని నేనొక్కడినే నోరు మూసుకుని కూర్చున్నాను. భజన ఓదారుస్తుంది. కీర్తన ఓదారుస్తుంది. మా పాటా ఓదార్చేదే, కాకపోతే దేవుడి బదులు రేపు ఉండేది. ఈ సీడీలోవాళ్ళు ఓదార్చరు. నరికితే నరికినట్టే ఉంటుంది. అది నిజాయితీయా, రోగమా అని నన్నడిగితే ఒక్కో ఆదివారం ఒక్కో జవాబు చెబుతాను.

జంతుశాస్త్రం చదివినవాడిని కాబట్టి విని ఊరుకోలేకపోయాను. ఆ గొంతు ఎలా వస్తుందో తెలుసుకోవాలనుకున్నాను. స్వరపేటికలో మనం మాట్లాడే తంత్రుల పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలుగా వాటికి పని లేదు. కడుపులోంచి ఊపిరి తోసి వాటిని కదిలిస్తే ఆ గురక పుడుతుంది. ఏటా క్లాసులో బొమ్మ గీసి చూపించే భాగమే అది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన మొదలుపెట్టాను. మొదట దగ్గు వచ్చింది. తర్వాత కుక్కర్ ఆవిరి లాంటిది వచ్చింది. నెల తిరిగేసరికి నాకే భయం వేసే గొంతు వచ్చింది. చెవుల మీద హెడ్‌ఫోన్లు ఉన్నవాడికి తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. ఇంట్లో ఎవరూ లేరని నా నమ్మకం.

ఇంటామె దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన వితంతువు. పొడుగాటి పెంకుటింట్లో ఒక కొస నాకు కిరాయికి ఇచ్చింది. మధ్య గోడ దూలం దాకానే ఉంది, పెంకుల దాకా లేదు. అటు చెంచా పడితే ఇటు వినబడుతుంది. కొడుకు లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. కోడలు అడవి దిక్కు హిందూ గూడెం నుంచి వచ్చిన పిల్ల. ప్రేమించి చేసుకున్న పెళ్ళి కాబట్టి బాప్తిస్మం తీసుకుని ఈ ఇంటికి వచ్చింది. రెండు కాన్పులూ నెలలు నిండకుండానే పోయాయి. రెండోది పోయిన తర్వాత ఆమె మాట బాగా తగ్గించింది. అంతవరకు నాకు తెలుసు. చర్చికి వెళ్ళడం కూడా మానేసిందని, నేను అరిచే ప్రతి ఆదివారం గోడ అవతల మంచం మీద కదలకుండా పడుకుని ఉందని నాకు తెలియదు.

ఒక ఆదివారం వరండాలో అడుగుల చప్పుడైతే హెడ్‌ఫోన్లు తీశాను. ఎవరో నా తలుపు దాకా వచ్చి తాళం పట్టుకుని చూసి వదిలేశారు. తాళం తలుపుకు తగిలి టక్కుమంది. ఎదురింటి అవ్వ అనుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం ఇంటామె రెండు కప్పుల టీ తెచ్చి నా గడపలో కూర్చుంది. అలా ఎప్పుడూ కూర్చోలేదు.

కోడలికి మంచిగ లేదని చెప్పింది. తామంతా చర్చిలో ఉన్నప్పుడు ఇంట్లోంచి ఒక గొంతు వస్తోందట. ఎదురింటి అవ్వ మూడుసార్లు విన్నదట. బావిలోంచి మగవాడు గురక పెట్టినట్టు ఉందట. అడిగితే కోడలు, అది సార్ గదిలోంచి వస్తోంది, నాది కాదు అన్నదట.

"తాళమేసిన గదిలకెళ్ళి ఎట్లొస్తది సార్? పొయ్యి చూసిందంట, తాళమే ఉన్నదంట. దాని నోటితోనే చెప్పింది. మా అయ్యగారు ఏమంటున్నడంటే, లోపలున్నదే గట్ల అబద్ధమాడిస్తదంట."

అయ్యగారంటే వాళ్ళ పాస్టరు. మొదటి మాట దగ్గరే నాకు అర్థమైంది. అప్పుడే చెప్పవలసింది. ఏం చెప్పాలి? ఊళ్ళు తిరుగుతున్నానని నమ్మించి గదిలో దాక్కుంటున్నానని, దాక్కుని పందిలా గురక పెడుతున్నానని ఎలా చెప్పాలి? చెప్పకుండా అరగంట ఉపన్యాసం ఇచ్చాను. దయ్యాలు లేవన్నాను. బిడ్డలు పోయిన తల్లి మనసు ఎలా ఉంటుందో, దుఃఖం ఒంట్లో ఎన్ని రూపాల్లో బయటపడుతుందో, ఖమ్మంలో మంచి డాక్టరు ఎక్కడున్నాడో చెప్పాను. ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇప్పటికీ నేనిచ్చిన ఉపన్యాసాల్లో నాకు అసహ్యం కలిగించేది అదొక్కటే.

"అంటే పిల్లకే ఏదో అయిందని మీరు సుత అంటున్నరు" అని ఆమె కప్పులు తీసుకుని లేచింది.

సాధన ఆపేశాను. నిశ్శబ్దంగా ఉంటే అదే సద్దుమణుగుతుందనుకున్నాను. కానీ రెండు ఆదివారాలు గొంతు వినబడకపోయేసరికి ప్రార్థన పని చేస్తోందని వాళ్ళకు రుజువు దొరికింది. ఇక పూర్తిగా వదిలించాలనుకున్నారు. మూడో ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు, పెద్దలు ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత ఆమెను దూరంగా ఒక ప్రార్థన మందిరానికి పంపి నలభై రోజులు ఉంచుతారు. అక్కడ ఉపవాసం ఉంచుతారట. అసలే రెండు ముద్దలకు మించి తినని మనిషి ఆమె. ఈ సంగతి తెలిసి పుట్టింటివాళ్ళు గూడెం నుంచి మనిషిని పంపారు, తమకు తెలిసిన భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతామని. ఆమె ఎక్కడికి పోవాలో రెండు మతాలూ తగువు పడ్డాయి. ఆమెకు ఏదో పట్టిందన్న దాంట్లో తగువే లేదు.

శుక్రవారం బోరింగు దగ్గర ఆమే నన్ను ఆపింది. బిందె కింద పెట్టి, నా మొహం చూడకుండా అడిగింది.

"సార్, నాకు తెల్వకుండనే నేను అరుస్తున్ననంట. మనిషికి గట్ల ఐతదా?"

"ఆ గొంతు నీది కాదమ్మా" అన్నాను.

"అయ్యగారు సుత గదే అన్నడు."

బిందె నింపుకుని వెళ్ళిపోయింది. నేను బోరింగు కొడుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళు దయ్యాలతో వాదించినవాడిని, చివరికి ఆమెకు చెప్పిన ఒక్క మాటా దయ్యం తరఫునే చెప్పాను.

ఆ ఆదివారం తాళం వేయలేదు. పాస్టరు, ముగ్గురు పెద్దలు వచ్చారు. ఎదురింటి అవ్వ సాక్ష్యానికి వచ్చింది. కొడుకు లారీ ఆపుకుని ఇంట్లోనే ఉన్నాడు. కోడలిని చాప మీద కూర్చోబెట్టారు. నేను గడపలో నిలబడి ఆ గొంతు నాది అన్నాను.

ఎవరూ నమ్మలేదు. పిల్ల మీద జాలితో అంటున్నానని ఇంటామె కళ్ళు తుడుచుకుంది. కొడుకు మర్యాదగానే అడ్డు తగిలాడు.

"ఆదివారం మీరు ఊర్ల పొంటి తిరుగుతరు కద సార్."

"నేను ఏ ఊరికీ పోవడం లేదు. మా సంఘం లేదు. ఎనిమిది నెలలైంది. తాళం వేసి దొడ్డి తలుపులోంచి వచ్చి లోపలే ఉంటున్నాను."

ఇది చెప్పడమే కష్టమైంది. తర్వాతిది అంత కష్టం కాలేదు. సీడీ వినిపించి వివరిద్దామనుకుంటే కరెంటు లేదు. మా ప్రదర్శనల్లో పద్ధతి, ముందు చేసి చూపించు, తర్వాత వివరించు. కాళ్ళు ఎడంగా పెట్టి, కడుపులోంచి ఊపిరి తోసి, బైబిళ్ళు పట్టుకున్న ఆ నలుగురి ముందు, పట్టపగలు, అరిచాను. ఎంతసేపో తెలియదు. ఆపేసరికి దొడ్లో కోళ్ళు కూడా చప్పుడు చేయడం లేదు.

"గిదే" అంది అవ్వ. "గీ గొంతే. ఓరి నీ పాడుగాను, మూడు వారాలు నాకు నిద్ర లేకుంట చేస్తివి కదరా."

ఒక పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేను స్వరపేటిక గురించి మొదలుపెట్టాను. పాస్టరు ఓపికగా విన్నాడు. ఆయన చదువుకున్న మనిషి, నాకన్నా చిన్నవాడు. అంతా విన్నాక అడిగాడు.

"గొంతు మీదేనని అర్థమైంది సార్. ఎట్ల వస్తదో కూడా అర్థమైంది. కానీ ఎందుకు? ఒక్కరే, తాళమేసుకుని, ఎందుకు?"

జీవితంలో ఒక మతబోధకుడి ప్రశ్నకు నేను జవాబు లేకుండా నిలబడింది అప్పుడే. ఆ మౌనాన్ని ఇంటామె తనకు తెలిసిన పద్ధతిలో పూరించుకుంది. అయ్యో, అది సార్‌ను పట్టిందా, అంది. అందరి కళ్ళూ చాప మీది నుంచి నా మీదికి తిరిగాయి. పాస్టరు నెమ్మదిగా, మీ కోసం ప్రార్థన చేయొచ్చా అని అడిగాడు.

కాదనడానికి నోరు తెరిచాను. వాదన మొదలైతే గంట సాగుతుంది. గెలుస్తాను. గెలిచి నా గదికి పోతాను. వాళ్ళు మళ్ళీ చాప వైపు తిరుగుతారు. నాకు ఆ ఊరి ముసలామె జ్ఞాపకం వచ్చింది. ఆమె పోయిన వారానికి అక్కడ మేం బ్రహ్మాండంగా గెలిచాం.

తల వంచాను. పాస్టరు నా తల మీద చేయి పెట్టాడు. మిగతావాళ్ళూ భుజాల మీద పెట్టారు. వాళ్ళు అన్న ఒక్క మాటతోనూ నేను ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను. అయితే రాయవలసింది ఇంకొకటి ఉంది. నా తల మీద మరో మనిషి చేయి పడి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఆ చేయి వెచ్చగా ఉంది. తీసేసినప్పుడు తెలిసింది.

కోడలిని ఎక్కడికీ పంపలేదు.

నాస్తికుడు సార్‌కు దయ్యం వదిలించారని వారంలో మండలమంతా పాకింది. మాల వేసుకున్న పాత మిత్రుడు ఫోన్ చేసి చాలాసేపు నవ్వాడు. వివరిస్తే ఆమె పేరు మళ్ళీ బయటికి వస్తుంది కాబట్టి వివరించలేదు. క్లాసులో స్వరపేటిక పాఠం వచ్చిన రోజు వెనక బెంచీలు గురక పెట్టాయి. పాఠం చెప్పాను. ఇంటామె ఆదివారం కూర పంపడం మొదలుపెట్టింది. దాక్కోవలసిన పని పోయింది కనుక మళ్ళీ అరిచాను. "సార్‌కు ఆదివారం ఆదివారం వస్తది, ఎవరినీ ఏమనడు" అని అవ్వ వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది.

కొన్నాళ్ళకు బోరింగు దగ్గర కోడలు మళ్ళీ ఆపింది.

"ఆ రోజు తాళం పట్టుకున్నది నేనే. మీరు లోపలున్నరు."

"అవును. చప్పుడు విన్నాను."

"విని సుత ఊకున్నరు."

"ఊరుకున్నాను."

బిందె నిండేదాకా బోరింగు నేనే కొట్టాను. తర్వాత ఆమె, అది ఎట్ల చేస్తరు అని అడిగింది. గొంతుతో చేస్తే పాడవుతుందని, కడుపులోంచి రావాలని చెప్పి, కడుపు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

"చెప్పున్రి సార్" అంది.

చెప్పాను.

ఆ తర్వాత ఒక ఆదివారం నేను నిజంగానే ఖమ్మం వెళ్ళాను. పని తొందరగా అయిపోయి మధ్యాహ్నం కాకముందే బస్సు దిగాను. ముందు తలుపుకు తాళం వేలాడుతోంది, ఈసారి నిజంగా. వీధి మలుపులో ఉండగానే వినబడింది. పొట్టిగా, విరిగిపోతూ, ఊపిరి చాలక మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతూ ఉంది. బాగా రాలేదు. నాకు నెల పట్టింది మరి.

అవ్వ తన మెట్లు దిగి మా ఇంటి వైపు వస్తోంది. నేను బస్సెక్కిపోవడం పొద్దున ఆమె చూసింది. తిరిగి వచ్చింది ఇంకా చూడలేదు. నా తాళం వైపు చూస్తూ నడుస్తోంది.

నేను వెనక్కి తిరిగి పత్తి చేల మీదుగా పరుగెత్తాను. దొడ్డి తలుపు తాళంచెవి ఒకసారికి దొరకలేదు. లోపలికి వెళ్ళి, సంచి పడేసి, హెడ్‌ఫోన్లు లేకుండానే గొంతెత్తాను. గోడ అవతల గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆపకు అన్నట్టు నేను ఇంకా పెంచాను. ఊపిరి తీసుకునేలోపు అది మళ్ళీ మొదలయ్యింది, నా గొంతు కిందుగా, ఎవరికీ వేరుగా వినబడనంత.

వరండాలో అడుగులు ఆగాయి. తాళం టక్కుమనలేదు.

"సార్ వచ్చినట్టుండు" అని అవ్వ ఎవరితోనో అంటూ వెనక్కి మళ్ళింది.